బండి గుంజుతలేదు



ముందుగా మీకు రెండు రోజుల ముచ్చట చెప్తాను. రోజులు రెండు, బండి మాత్రం ఒకటే. అది నా పాత డీజిల్ జీపు.

మొదటి రోజు. వానకాలం. ములుగు దాటి తాడ్వాయి అడవి దారిలో పోతున్నాం. మేడారం జాతరకు పోయినవాళ్లకు ఆ దిక్కు తెలిసే ఉంటుంది. తారు రోడ్డు వదిలి ఒక ఊరి బాట పట్టినం. మోకాలి లోతు బురద. మా ముందు ఒక కారు ఆ బురదలో కూరుకుపోయి ఉంది. దాంట్లోని మనుషులు దిగి నెడుతున్నారు. చక్రాలు తిరుగుతున్నాయి గానీ కారు కదలడం లేదు. జీపును ఫోర్ వీల్‌లో వేసి, లో గేరు పెట్టి, కారుకు తాడు కట్టినం. ఇంజన్ పెద్దగా అరవను కూడా లేదు. మెల్లగా, చాలా మెల్లగా, ఆ కారును గట్టు మీదికి గుంజి పెట్టింది. ఊరి పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఆ రోజు జీపు మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

రెండో రోజు, ఆ తర్వాతి ఆదివారం. ఇంటిల్లిపాదీ కుంటాల జలపాతం చూడడానికి బయలుదేరినం. హనుమకొండ నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిర్మల్. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ వస్తుంది. మంచి తారు రోడ్డు. బురద లేదు, గుంత లేదు. అడవి పచ్చగా ఉంది. కొండ మొదలైంది. జీపు అరవై మీద పోతున్నది కాస్తా యాభైకి దిగింది. తర్వాత నలభై. తర్వాత ముప్ఫై. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కినా లాభం లేదు. మా వెనక ఒక చిన్న కారు హారన్ కొట్టి, పక్క నుంచి సులువుగా ఎక్కి వెళ్లిపోయింది. మొన్న బురదలోంచి గుంజి పెట్టామే, అచ్చం అలాంటి కారు.

కొంచెం సేపటికి వేడి ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. బండి పక్కకు ఆపినం. మా అమ్మ అడిగింది, "మొన్న అంత బురదల గుంజింది, ఇయాల ఈ నున్నటి రోడ్డు మీద ఏమైందిరా దీనికి?" అని.

ఇయాల్టి నా ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబు. బురదను, రాళ్లను, వాగు ఇసుకను లెక్క చేయని బండి, నున్నటి హైవే మీద కొండ వస్తే ఎందుకు ఆయాసపడుతుంది?

వరంగల్‌లో నాకు తెలిసిన ఒక పెద్ద మెకానిక్ ఉన్నారు. అందరం చాచా అంటాం. తిరిగొచ్చాక ఆయన దగ్గరికి పోయి, మన దగ్గర అందరూ చెప్పే మాటే చెప్పిన. "చాచా, బండి గుంజుతలేదు."

ఆయన బానెట్ తెరవలేదు. ముందు ఒక్కటే అడిగారు. "ఏ గేర్ల పోయినవ్ బేటా?"

"నాలుగులనే."

"ఎంత స్పీడు?"

"అరవై. తర్వాత అదే తగ్గిపోయింది."

చాచా తల ఊపారు. "రెండు సంగతులున్నయి. ఒకటి బండి గుణం. ఒకటి బండి రోగం. రెండింటినీ కలపకు."

ఆ రెండు మాటలు గుర్తు పెట్టుకోండి. గుణం వేరు, రోగం వేరు. ముందు గుణం సంగతి చూద్దాం.

మీలో చాలామంది ఎనుమాముల మార్కెట్ చూసే ఉంటారు. మిర్చి సీజన్‌లో అక్కడ నిలబడితే ముక్కు, కళ్లు మండిపోతాయి. అక్కడ హమాలీ అన్న ఒకరిని మనసులో తలుచుకోండి. భుజం మీద మిర్చి బస్తా. లారీకి ఒక చెక్క వాలుగా ఆనించి ఉంటుంది. ఆ చెక్క మీద ఒక్కో అడుగు వేసుకుంటూ ఎక్కుతాడు. బస్తా దించి మళ్లీ వస్తాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. ఆ మనిషి బలం మామూలుది కాదు. మనలో చాలామందిమి ఆ బస్తా లేపలేం కూడా.

ఇప్పుడు అదే అన్నను, అదే బస్తాతో, అదే చెక్క మీద ఉరకమనండి. ఒకటి రెండు బస్తాలు ఎలాగో ఎక్కిస్తాడు. మూడోదానికి రొప్పుతాడు. బస్తా బరువు పెరగలేదు. లారీ ఎత్తు పెరగలేదు. మారింది ఒక్కటే, మనం ఇచ్చిన టైము. అదే పని తక్కువ టైములో కావాలని అడిగినం.

బలం ఒకటి. ఆ బలాన్ని ఎంత వేగంగా ఖర్చు పెట్టగలం అనేది ఇంకొకటి. మొదటిదాన్ని ఇంజనీర్లు టార్క్ అంటారు, తిప్పే బలం అన్నమాట. రెండోదాన్ని పవర్ అంటారు. మనం రోజూ అనే హార్స్‌పవర్ ఈ రెండోదే. మా జీపుకు మొదటిది పుష్కలంగా ఉంది. రెండోది తక్కువ. బురదలో మేము బలం అడిగినం, ఇచ్చింది. ఘాట్ మీద వేగం అడిగినం, దాని దగ్గర లేదు.

హార్స్‌పవర్ అనే మాటకు ఒక చిన్న కథ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం ఎంత పని చేస్తుందో జనానికి చెప్పాల్సి వచ్చింది. అప్పట్లో గనుల్లో గుర్రాలు పని చేసేవి. అందుకని గుర్రంతో పోల్చి చెప్పాడు. మన లెక్కలో చెప్పాలంటే, డెబ్బై అయిదు కిలోల బరువును ఒక్క సెకనులో ఒక్క మీటరు పైకి లేపితే అది ఒక హార్స్‌పవర్. డెబ్బై అయిదు కిలోలంటే కాస్త దిట్టమైన మనిషి బరువు. ఆ మనిషిని సెకనులో మీటరు ఎత్తు లేపాలి.

ఇప్పుడు ఈ లెక్కతో మహబూబ్ ఘాట్ దగ్గరికి వెళ్దాం. భయపడకండి, లెక్క చాలా చిన్నది. గంటకు అరవై కిలోమీటర్లంటే, సెకనుకు దాదాపు పదిహేడు మీటర్లు పోతున్నట్టు. కొండల్లో రోడ్డు వేసేటప్పుడు వందకు అయిదు ఎత్తుతో సరిపెట్టాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్తుంది. వంద మీటర్లు ముందుకు పోతే అయిదు మీటర్లు పైకి. తప్పనిసరి అయినచోట ఆరు, ఏడు కూడా వస్తాయి. మనం ఆరు అనుకుందాం. వందకు ఆరు అయితే, పదిహేడు మీటర్లకు ఒక మీటరు. అంటే అరవై మీద పోతున్న బండి ప్రతి సెకనుకు ఒక మీటరు పైకి లేస్తున్నది.

మా జీపు, అందులోని మనుషులు, పైన కట్టిన సామాను, అంతా కలిపి రెండు టన్నులు. రెండు వేల కిలోలు, సెకనుకు ఒక మీటరు పైకి. డెబ్బై అయిదుతో భాగించండి. ఇరవై ఏడు హార్స్‌పవర్. ఇది ఒట్టి పైకి లేపడానికే. గాలిని చీల్చుకుపోవడానికి వేరే. టైర్లు దొర్లడానికి వేరే. గేర్ల రాపిడిలో పోయేది వేరే. అన్నీ కలిపితే నలభై దాటుతుంది.

మా జీపుకు కాగితం మీద అరవై హార్స్‌పవర్ ఉంది. "అదేంటి, అరవై ఉన్నది నలభై ఇయ్యలేదా?" అని మీరు అడగొచ్చు. ఇక్కడే అసలు కిటుకు ఉంది.

ఇంజన్‌కు కాగితం మీద రాసిన పవర్ అన్నివేళలా చేతికి రాదు. అది గట్టిగా తిరిగినప్పుడే వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపును తీసుకోండి, ఈ బండ్లన్నిటికీ తాత అది. దాని ఇంజన్ 60 హార్స్‌పవర్. కానీ నిమిషానికి 4000 చుట్లు తిరిగినప్పుడు. అదే ఇంజన్ 2000 చుట్ల దగ్గర ఇచ్చేది నలభై మాత్రమే. పెద్ద గేరులో అరవై మీద పోతుంటే ఇంజన్ తిరిగేది ఇంచుమించు అంతే. చేతిలో నలభై ఉంది, ఘాట్ నలభై పైన అడుగుతున్నది. స్పీడు తగ్గుతుంది. స్పీడు తగ్గితే అదే గేరులో ఇంజన్ ఇంకా నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగితే పవర్ ఇంకా తగ్గుతుంది. అరవై యాభై అవుతుంది, యాభై నలభై అవుతుంది. ఆ రోజు మాకు జరిగింది ఇదే.

అందుకే చాచా మొదట గేరు అడిగారు. నేను మూడులోకి మార్చి, నలభై స్పీడుతో ఒప్పుకుని ఉంటే? లేపడానికి ఇరవై ఏడు బదులు పద్దెనిమిది హార్స్‌పవర్ చాలు. ఇంజన్ కూడా చురుగ్గా తిరుగుతూ ఉండేది. అడిగేది తగ్గేది, ఇచ్చేది పడిపోకుండా ఉండేది.

ఇది సైకిల్ తొక్కినవాళ్లకు కాళ్లతోనే తెలుసు. కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి మీద సైకిల్ తొక్కిన రోజులు గుర్తున్నాయా? నేరుగా ఎక్కలేక, రోడ్డుకు ఈ పక్కకు ఆ పక్కకు వంకరటింకరగా తొక్కేవాళ్లం. దారి పొడుగయ్యేది గానీ ఎత్తు మెల్లగా వచ్చేది. ఘాట్ రోడ్డుకు అన్ని వంపులు ఎందుకంటే అందుకే. గేరు మార్చడం కూడా అలాంటి ఉపాయమే.

జీపుకు ఈ గుణం ఎక్కడిది? పుట్టుకతో వచ్చింది. 1940లో అమెరికా సైన్యం ఒక చిన్న బండి కావాలని అడిగింది. రోడ్డు లేని చోట పోవాలి. నడిచే సైనికుల పక్కన గంటకు మూడు మైళ్ల వేగంతో, ఇంజన్ ఆగకుండా, మెల్లగా పోవాలి. అలా తయారైన బండ్లను యుద్ధం అయిపోయేలోగా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా చేశాయి. 1940ల చివర్లో మన దేశంలో మహీంద్రావాళ్లు ఆ జీపుల బిగింపు మొదలుపెట్టారు. అక్కడి నుంచి తాసీల్దారు జీపు, పోలీసు జీపు, ఎన్నికల జీపు, మన పల్లెల్లో పది మందిని ఎక్కించుకుని తిరిగిన కమాండర్ జీపు, అన్నీ ఆ వంశమే.

ఆ విల్లీస్ జీపును లో గేరులో, మొదటి గేరులో పెడితే, ఇంజన్ ఇరవై అయిదు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇరవై అయిదుకు ఒకటి. ఇంజన్ బలాన్ని గేర్లు అన్నింతలు చేసి చక్రానికి ఇస్తాయి. అందుకే బురద దానికి లెక్క కాదు. కానీ చక్రం మెల్లగా తిరుగుతుంది. బలాన్ని పెంచిన గేరు వేగాన్ని అంతే తగ్గిస్తుంది. పవర్ మాత్రం గేర్లతో పెరగదు. ఇంకోసారి చెప్తాను, ఇది ముఖ్యం. గేర్లు బలాన్ని పెంచగలవు, పవర్‌ను పెంచలేవు. పవర్ ఇంజన్ నుంచే రావాలి. కొత్త బండ్లు ఘాట్‌ను తేలిగ్గా ఎక్కేది ఆ తేడాతోనే. 2020లో వచ్చిన థార్ డీజిల్ ఇంజన్‌కు 130 హార్స్‌పవర్ ఉంది. తాతకు రెండింతల పైన.

"మరి ఫోర్ వీల్‌లో లో గేరు పెట్టి ఘాట్ ఎక్కితే పోదా?" అని మా తమ్ముడు అడిగాడు. ఎక్కుతుంది, కానీ చాలా మెల్లగా. వెనక లారీలు బారులు తీరతాయి. పైగా ఇంకో ప్రమాదం ఉంది. వంపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయే దారి, వెనక చక్రాలు పోయే దారి ఒకటి కాదు. ముందువి ఎక్కువ దూరం తిరగాలి. బురదలో, ఇసుకలో అయితే టైరు కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఆరిన తారు రోడ్డు మీద టైరు జారదు. పాత జీపుల్లో ఆ బిగువంతా లోపలి గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. తాడు మెలి పడ్డట్టు లోపల బిగుసుకుంటుంది. అందుకే పాత జీపు ఉన్నవాళ్లు బురద దాటి తారు రోడ్డు ఎక్కగానే ఫోర్ వీల్ తీసేయాలి. తీశామో లేదో ఒకసారి దిగి చూసుకోవాలి. మరిచిపోయి అలాగే ఘాట్ ఎక్కి, బండి గుంజుతలేదని బాధపడ్డవాళ్లు నాకు తెలుసు.

గాలి సంగతి కూడా ఒక మాట. జీపు ముఖం గోడలా నిలువుగా ఉంటుంది. స్పీడు రెండింతలైతే గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ ఎనిమిదింతలు అవుతుంది. రెండింతలు కాదు, ఎనిమిదింతలు. పైన క్యారియర్, దాని మీద సామాను కడితే ఇంకా ఎక్కువ.

ఇక పెద్ద టైర్లు. ఈ మధ్య మన హనుమకొండ రోడ్ల మీద కూడా చూస్తున్నా. యువకులు ఇష్టంగా జీపు కొని, ఎత్తు టైర్లు, ఇనుప బంపర్లు వేయిస్తున్నారు. చూడడానికి బాగుంటుంది, వాళ్ల సరదాను నేను తప్పు పట్టను. కానీ తమ్ముళ్లూ, ఒక్క సంగతి తెలుసుకుని చేయండి. ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తు టైరు తీసి ముప్ఫై ఒకటి వేస్తే, చక్రం ఒక్క చుట్టుకు పోయే దూరం పదో వంతు పెరుగుతుంది. అంటే మీకు తెలియకుండానే ప్రతి గేరు ఆ మేరకు పెద్దదైపోయింది. సదురు నేల మీద అంతగా తెలియదు. ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరు మూలుగుతుంది, రెండో గేరు అరుస్తుంది, మధ్యలో ఏదీ కుదరదు. మీటరు కూడా తప్పు చూపిస్తుంది. అరవై అని చూపించినప్పుడు మీరు పోయేది అరవై ఆరు.

ఇదంతా గుణం. ఇప్పుడు రోగం.

చాచా చివరికి బానెట్ తెరిచారు. టార్చి వేసి రేడియేటర్ చూపించారు. నాకు సిగ్గుగా, బాధగా అనిపించింది. రేడియేటర్ సన్నని రేకుల మధ్య బురద ఎండి, గోడకు అలికినట్టు అతుక్కుపోయి ఉంది. తాడ్వాయి బురద! మేము కారును గుంజి పెట్టినప్పుడు చిందిన బురద. బయట బండిని శుభ్రంగా కడిగినం, దాని ఊపిరి దగ్గర మాత్రం చూడలేదు. గాలి దూరే సందు లేక, ఘాట్ మీద ఇంజన్ ఉడికిపోయింది.

గుణమా, రోగమా అని ఎలా తెలుస్తుంది? చాచా చెప్పిన గుర్తు చాలా సులువు. నిరుడు అదే బరువుతో, అదే గుట్టను మూడో గేరులో ఎక్కిన బండి ఈ ఏడు రెండో గేరు అడుగుతున్నదంటే, అది రోగం. మొదటి నుంచీ అంతే అయితే, అది గుణం.

రోగమైతే ముందు ఖర్చు లేనివి చూసుకోండి. ఎయిర్ క్లీనర్ తీసి చూడండి. మన చెల్క దారుల ఎర్ర దుమ్ము దాన్ని త్వరగా మూసేస్తుంది. గాలి అందకపోతే డీజిల్ సరిగా మండదు, నల్ల పొగ వస్తుంది. నల్ల పొగ అంటే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. టర్బో ఉన్న బండిలో రబ్బరు గొట్టం పగిలినా అదే పొగ, దానికి తోడు ఉస్సుమనే చప్పుడు. ఇంజన్ గట్టిగా అరుస్తున్నా బండి స్పీడు అందుకోకపోతే, కాలిన వాసన వస్తే, క్లచ్చు జారుతున్నట్టు. బురదలో తిరిగొచ్చాక ఒక చక్రం మిగతా వాటికన్నా వేడిగా ఉంటే, ఆ చక్రంలో బ్రేకు పట్టేసిందేమో చూపించండి. బ్రేకు వేసుకుని కొండ ఎక్కుతున్నట్టే కదా అది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. ఘాట్ మీద బండి ఉడికితే, రేడియేటర్ మూత వెంటనే తీయొద్దు. దయచేసి తీయొద్దు. లోపలి వేడి నీళ్లు ఫౌంటెన్‌లా చిమ్మి ముఖం కాలుస్తాయి. సేఫ్‌గా పక్కకు ఆపండి. చక్రం వెనక రాయి పెట్టండి. పిల్లలను రోడ్డు వైపు దిగనీయకండి. చేయి పెడితే కాలనంతగా చల్లారేదాకా ఆగండి. అప్పుడే మూత తీయండి. చల్లటి నీళ్లు ఉడుకుతున్న ఇంజన్ మీద గుమ్మరించొద్దు, లోహం పగలొచ్చు.

మరుసటి ఏడు, దసరా సెలవుల్లో మళ్లీ కుంటాలకు పోయినం. అదే జీపు, అదే మనుషులు. రేడియేటర్‌ను నేనే వెనక వైపు నుంచి నీళ్లు కొట్టి కడిగిన. క్యారియర్ మీద ఏమీ కట్టలేదు. నిర్మల్‌లో టీ తాగి, టైర్లలో గాలి చూసుకుని బయలుదేరినం.

ఘాట్ మొదలు కాకముందే, ఇంజన్ ఇంకా మూలగకముందే, మూడులోకి మార్చిన. ఎడమ పక్క పట్టుకున్న. ముందు లారీకి అంటుకోకుండా ఎడం ఉంచిన. అంటుకుంటే అది ఆగినచోటల్లా మనమూ ఆగాలి, ఏటవాలులో మళ్లీ కదలాలి. ముల్లు నలభై మీద నిలబడింది. అక్కడి నుంచి పెరగలేదు, తగ్గలేదు. కార్లు దాటిపోతుంటే చేయి ఊపి దారి ఇచ్చిన. ఒక ఇరుకు వంపులో పై నుంచి దిగుతున్న వ్యాను అతను ఆగి మాకు దారి ఇచ్చాడు. ఇరుకు కొండ దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నియమం. చాలామంది మరిచిపోతున్నారు, ఆ వ్యాను అన్న మరిచిపోలేదు.

పైకి వచ్చాక చెట్ల నీడలో ఆపినం. వేడి ముల్లు సగం దగ్గరే ఉంది. ఇంజన్‌ను వెంటనే బంద్ చేయకుండా రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చిన. మా అమ్మ దిగి, బానెట్ మీద చేయి పెట్టి చూసింది. "ఇయాల మంచిగ గుంజింది" అన్నది. సద్ది మూట విప్పింది. దిగేటప్పుడు కూడా అదే మూడో గేరు అని మా తమ్ముడికి చెప్పిన, తిరుగు ప్రయాణంలో నడిపేది వాడే.